బీచ్ రోడ్డు సైకిలు మిత్రులకు, ఒక పాత సైకిలు వాడి లేఖ

అయ్యా, అమ్మా,

ఆదివారం తెల్లవారుజామున వాకలపూడి దాటాక ఉప్పాడ వైపు వరసగా వెళ్ళే మిమ్మల్ని నేను చాలాకాలంగా చూస్తున్నాను. తలకి హెల్మెట్, ఒంటికి చిలకపచ్చ చొక్కా, సీటు కింద మిణుగురులా వెలిగి ఆరే ఎర్ర దీపం. మీరూ నన్ను చూసే ఉంటారు. నల్ల సైకిలు, ముందు బ్రేకు కాస్త కీచుమంటుంది, ప్యాంటు చైనులో పడకుండా మడమ దగ్గర స్టీలు క్లిప్పు, హ్యాండిలుకి గుడ్డ సంచి. మీలో ఒకబ్బాయి నన్ను దాటుకుపోతూ "సూపర్ అంకుల్" అని బొటనవేలు చూపించాడు. ఇంటికెళ్ళి మా ఆవిడకి రెండుసార్లు చెప్పుకున్నాను.

ఈ మధ్య టీ కొట్టు దగ్గర అదే అబ్బాయి ఒక కాగితం చేతిలో పెట్టాడు. కాకినాడ నుంచి ఉప్పాడ దాకా సముద్రం పక్కన సైకిళ్ళకి ప్రత్యేకంగా ట్రాక్ వేయమని అధికారులకి వినతిపత్రం. సంతకం పెట్టమన్నాడు. చదివి పెడతానని ఇంటికి తెచ్చుకున్నాను. చదివాను. పెట్టలేదు. అబ్బాయి ఏమనుకున్నాడో అని మనసులో ఉండిపోయింది. ఒక్కడికి చెప్పేకంటే అందరికీ చెబితే మేలనిపించి ఇది రాస్తున్నాను.

కాగితంలో మొదటి వాక్యమే నాకు గుచ్చుకుంది. "నగరంలోని సైక్లిస్టులందరి తరఫున" అని ఉంది. కింద సంతకాలు చూస్తే డాక్టర్లు, ఇంజినీర్లు, ఇద్దరు ఆడిటర్లు, ఒక బ్యాంకు ఆఫీసరు. అందరూ మంచివాళ్ళే, అందులో ఒకరు మా పళ్ళ డాక్టరు. కానీ అందరూ వీళ్ళేనా?

ఒక పని చేయండి. ఏదైనా మామూలు రోజు, పొద్దున్న ఆరింటికి రామారావుపేటలోనో సూర్యారావుపేటలోనో ఒక వీధి మొగలో అరగంట నిలబడండి. ముందు పేపరు కుర్రాడు వస్తాడు. పేపరు మడిచి, సైకిలు ఆపకుండానే మొదటి అంతస్తు బాల్కనీలోకి విసురుతాడు. తర్వాత రెండు పక్కలా క్యాన్లు వేలాడేసుకుని పాలాయన. రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్ళే వాచ్‌మన్, నిద్ర కళ్ళతో, తొక్కుతున్నాడో తోస్తున్నాడో తెలియనంత నెమ్మదిగా. హ్యాండిలుకి పూల బుట్ట తగిలించుకుని పూజారి గారు. ట్యూషన్‌కి వెళ్ళే ఆడపిల్లలు ఇద్దరు, పక్కపక్కన, కబుర్లాడుకుంటూ. ఇళ్ళల్లో పనికి వచ్చే అమ్మాయి లేడీస్ సైకిలు మీద, వెనక క్యారియర్ మీద చంటివాడు. వీళ్ళెవరూ తమని సైక్లిస్టులు అనుకోరు. ఆ మాట వాళ్ళ చెవిన పడి కూడా ఉండదు. కానీ మీరు వారానికోసారి తొక్కేది వాళ్ళు రోజుకి నాలుగుసార్లు తొక్కుతారు.

నాకు బాగా తెలిసినాయన ఒకరున్నారు, దుమ్ములపేట నుంచి చేపలు తెస్తాడు. ఇప్పుడు ఈ వ్యాపారంలో ఎక్కువమంది టీవీఎస్ మోపెడ్లకి మారిపోయారు గానీ ఈయన మాత్రం ఇంకా సైకిలే. ఆ బండిని దగ్గర్నుంచి చూశారా ఎప్పుడైనా? క్యారియర్ మీద అడ్డంగా చెక్క పలక, దానికి పాత సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టిన ప్లాస్టిక్ తొట్టి. తొట్టిలో కింద పొడి చేసిన ఐసు, మీద చేపలు, వాటి మీద తడి గోనె. పలక పక్కన చిన్న త్రాసు వేలాడుతుంటుంది. వెనక చక్రానికి రెండు స్టాండ్లు, ఎందుకంటే చేప కోసేటప్పుడు బండి కదలకూడదు. ఐసు కరిగిన నీళ్ళు చుక్కచుక్కగా మడ్గార్డు మీద పడి అక్కడంతా తుప్పు. ఆయన ఏ వీధుల్లోకి వెళ్ళాడో ఆ చుక్కలే చెబుతాయి, పిల్లులకి కూడా తెలుసు.

మీ ట్రాక్ సంగతి ఆయనకి చెప్పాను. సగం వంజరం కోస్తూ విన్నాడు. "రోడ్డేదైనా ఒకటే మాస్టారూ. నీడుంటే చాలండి. ఐసు ఆగుతాది" అన్నాడు.

ఆ ఒక్క మాటా మీ కాగితంలో ఎక్కడా లేదు. పొద్దున్న ఏడుకల్లా ఇంటికి చేరిపోయేవాళ్ళకి నీడతో పనేముంటుంది లెండి.

మీరు అడిగేది తప్పని నేననడం లేదు. దూరాలు తొక్కేవాళ్ళ సంగతి నాకు కొంత తెలుసు. మీలో కొందరు 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు నలభై గంటల్లో పూర్తి చేసే బ్రెవేలకి, అంటే గడువు పెట్టిన దూరపు సైకిలు యాత్రలకి, వెళ్తారట. వింటేనే నాకు మోకాళ్ళు పట్టేస్తాయి. అలాంటివాళ్ళకి మన ఊరు ఎంత వీలో మీకు నేను చెప్పనక్కరలేదు. ఊరు దాటడానికే గంట పట్టే నగరం కాదిది. గుమ్మం దిగితే పావుగంటలో పొలాల్లో ఉంటాం. సామర్లకోట వైపు వెళ్తే కుమారారామ భీమేశ్వరుడు, ఇటు కోరింగ మడ అడవులు, ఇంకొంచెం ముందుకి తొక్కితే యానాం. పెట్రోలు చౌకని యానాం వెళ్ళి ట్యాంకు నింపుకొచ్చేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది, నా బండికి ఎక్కడైనా ఒకటే రేటు. ఎత్తు ఎక్కే సరదా ఉంటే అన్నవరం కొండ ఉంది. ఊళ్ళో మాత్రం జగన్నాథపురం వంతెనే మన హిమాలయం. నాకు అరవై దాటాక అది ఏటా కొంచెం పెరుగుతున్నట్టుంది.

ఊరికి ఈ చదునుతనం ఊరికే రాలేదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద, సముద్ర మట్టానికి ఓ రెండు మీటర్ల ఎత్తులో ఉన్నాం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలువలు వచ్చాయి, కాలువలతో గట్లు వచ్చాయి. పడవ నడవాలంటే నేల వాలు కంటికి కనబడకూడదు, సైకిలుకీ అంతకంటే ఏం కావాలి? మా నాన్న ఇంద్రపాలెం వైపు నుంచి గట్టు వెంబడి రోజూ కచేరీకి తొక్కుకుంటూ వచ్చేవాడు, ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని. కడ్డీ గుచ్చుకోకుండా దానికి తువ్వాలు చుట్టేవాడు. సీటు మీద కూర్చుంటే కాలు అందని వయసులో ఆ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఓ పక్కకి వంచి తొక్కడం నేర్చుకున్నది కూడా ఆ గట్టు మీదే. రెండుసార్లు కాలువలో పడ్డాను. ఈత కూడా అలాగే వచ్చింది.

ఊరి కొలత చూడండి. 2011 జనాభా లెక్కల్లో మనం 3 లక్షల 12 వేల పైచిలుకు. సర్పవరం జంక్షన్ నుంచి జగన్నాథపురం దాకా ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి నాలాంటివాడు తీరిగ్గా తొక్కినా అరగంట. భానుగుడి నుంచి మసీదు సెంటరుకి నా తొక్కుడుకి పన్నెండు నిమిషాలు. కారులో వెళ్ళిన మా పక్కింటాయన నాకంటే ముందే చేరతాడు, ఒప్పుకుంటాను. కానీ మెయిన్ రోడ్డులో కారు పెట్టే చోటు వెతుక్కుని ఆయన దిగేసరికి నేను సినిమా రోడ్డు సందులో కాఫీపొడి కొనుక్కుని బయటపడతాను. పాత పేటల్లో వీధులు గళ్ళ నోటుబుక్కులా గీసినట్టుంటాయి. ఒక దారి మూసేస్తే పక్క దారి ఉంటుంది. పెద్ద రోడ్డు ఎక్కకుండా, ఒక్క లారీ మొహం చూడకుండా సగం ఊరు తిరిగి రాగలను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ట్రాక్ అన్న ఆలోచన పెద్ద నగరాల నుంచి వచ్చింది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకల కప్పు. మా అబ్బాయి అక్కడే ఉద్యోగం. ఒకసారి నన్ను తీసుకెళ్ళాడు. చాలా బాగుంది, నీడ కూడా ఉంది, చేపలాయన చూస్తే ముచ్చటపడేవాడు. కానీ అక్కడికి ఎలా వెళ్ళాం? సైకిళ్ళని కారుకి కట్టుకుని. తొక్కింది గంట, కారులో రానూపోనూ గంటన్నర. అబ్బాయి కూరలకి మాత్రం ఫోనులో ఆర్డరు పెడతాడు. వాణ్ణి అనడానికేం లేదు, ఆ నగరం అంత పెద్దది, అక్కడ సైకిలుకి ఒక మూల చూపించడమే గొప్ప. మనకి ఆ ఖర్మ లేదు కదా. ఊరే సైకిలంత ఉన్నప్పుడు సైకిలుని ఊరి బయట సముద్రం ఒడ్డుకి పంపడం ఎందుకు?

ఆ సముద్రం సంగతి కూడా ఒక మాట. ఉప్పాడ దగ్గర అది రోడ్డుని ఎలా కొరుక్కు తింటోందో మీకంటే ఎవరికి తెలుసు? తుఫాను వచ్చిన ప్రతిసారీ రాళ్ళు వేస్తున్నారు, కెరటం వచ్చి లాక్కుపోతోంది. దాని పక్కన మీరు అడిగే రంగు పూసిన దారి వేస్తే ఎన్ని కార్తీకాలు నిలుస్తుందో మీలోని ఇంజినీర్లే లెక్క కట్టండి.

జగన్నాథపురం ఒకప్పుడు డచ్చివాళ్ళ స్థావరం, 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. అప్పటికి డచ్చివాళ్ళ దేశం నెదర్లాండ్స్‌లోనూ సైకిలు లేదు కాబట్టి వాళ్ళు మనకి ఏమీ నేర్పకుండానే వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ దేశంలో మనుషులకంటే సైకిళ్ళు ఎక్కువ. అక్కడ గ్రోనింగెన్ అని ఒక ఊరుంది, జనాభాలో మనకంటే చిన్నదే. 1977లో వాళ్ళు ఒక పని చేశారు. ఊరి నడిబొడ్డుని నాలుగు ముక్కలుగా విడగొట్టి, కారు ఒక ముక్కలోంచి పక్క ముక్కలోకి నేరుగా వెళ్ళకుండా చేశారు. వెళ్ళాలంటే బయటి రింగు రోడ్డు చుట్టి రావాలి. సైకిలు, కాలినడక మాత్రం నేరుగా. దుకాణాల వాళ్ళు మా బేరాలు పోతాయని గోల పెట్టారు. వెనక్కి తగ్గలేదు. ఇప్పుడు ఆ ఊళ్ళో జనం రోజువారీ తిరుగుడులో పెద్ద భాగం సైకిలు మీదే. ముందుగా చేసిన పని మాత్రం కారుని చుట్టూ తిప్పడం, సైకిలుని సూటిగా పోనివ్వడం. గళ్ళ వీధులున్న మన పాత పేటల్లో అది ఎంత సులువో ఊహించండి, రెండు మూడు చోట్ల నాలుగు సిమెంటు దిమ్మలు పెడితే సరి.

మన ఊళ్ళో అంతా బాగుందని చెబితే మీరే నవ్వుతారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో పదకొండు నుంచి నాలుగు దాకా నేనూ బయటికి రాను. ఉక్కకి చొక్కా పిండితే చెంబెడు నీళ్ళు. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి తిరుగుతుంది, అప్పుడు తూర్పుకి తొక్కేవాడి పాట్లు చూడాలి. పోర్టు లారీలున్న వైపు వెళ్ళాలంటే నాకిప్పటికీ టెన్షనే. కాలువ మీద కటకటాల మూతలు కొన్నిచోట్ల రోడ్డుకి నిలువుగా వేశారు. సన్న టైరు అందులో దిగిందంటే మనిషి ముందుకి, బండి వెనక్కి. నేను పోయినేడు అలాగే పడి మోచెయ్యి గీరుకున్నాను. లేచి చూస్తే అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది పంక్చర్ కొట్టు కుర్రాడు. ముందు బండి లేపాడు, తర్వాత నన్ను.

పంక్చర్ కొట్లన్నానుగా, వాటి గురించి చెప్పకపోతే పాపం. మీ బళ్ళకి ఏదైనా అయితే విశాఖ పంపిస్తారని విన్నాను. నాకు మా వీధి చివర చెట్టు కింద ఒక చెక్కపెట్టె, ఒక ఇనప తొట్టెలో నీళ్ళు చాలు. ట్యూబుని నీళ్ళలో ముంచి వేళ్ళతో నొక్కుతూ పోతాడు. బుడగ రాగానే అక్కడ అగ్గిపుల్ల గుచ్చి గుర్తు పెట్టి, ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ రాసి ఊదుతాడు. ఆ ఊదడంలో ఒక ధ్యానం ఉంటుంది, ఆ సమయంలో ఎవరు పిలిచినా పలకడు. తర్వాత ప్యాచ్, సుత్తితో రెండు దెబ్బలు. రిమ్ బెండు తీయడం చూడండి ఎప్పుడైనా. చక్రం తిప్పి, సుద్దముక్క ఆనించి, ఎక్కడ గీత పడితే అక్కడ చక్రం పుల్ల (స్పోక్) బిగిస్తాడు. మీ గేరు సైకిళ్ళు కూడా ఆయన దగ్గరికి తీసుకెళ్ళండి. మొదట భయపడతాడు, రెండోసారికి నేర్చేసుకుంటాడు. ఆయన కొట్టు మూతబడితే ఆ వీధిలో సైకిళ్ళన్నీ మూతబడినట్టే.

ఎండా, గతుకులూ ఎలాగో పడతాం. అంతకంటే పెద్ద అడ్డు నామోషీ. నేను సైకిలు మీద కనబడితే "ఏం మాస్టారూ, బండి రిపేరా?" అంటారు. మా అబ్బాయి ఉద్యోగం పోయిందని కూడా ఒకరు అనుకున్నారట. ఎన్నికలప్పుడు అయితే మరీను. మన రాష్ట్రంలో సైకిలంటే ముందు పార్టీ గుర్తే కదా, "మాస్టారు ఆ వైపు వెళ్ళారా" అని ఒకరు, "టికెట్టు ఆశిస్తున్నారా" అని ఇంకొకరు. ఆ మధ్య ఒక పెద్ద షాపుకి వెళ్ళాను, పేరెందుకు. కారు పెట్టడానికి చోటుంది, స్కూటర్లకి గళ్ళు గీశారు. సైకిలు చూసి గేటు దగ్గరాయన "డెలివరీ అయితే వెనక గేటండీ" అన్నాడు. నేను కొనడానికి వచ్చానయ్యా అంటే, పాపం, ఏం చేయాలో ఆయనకీ తెలియలేదు. చివరికి తన కుర్చీ పక్కన పెట్టుకోమన్నాడు.

సరిగ్గా ఇక్కడే మీరు పనికొస్తారు. మీ సైకిలు ఖరీదు మా పక్కింటాయన స్కూటర్ కంటే ఎక్కువ. దాన్ని రైతు బజారు ముందు ఒక్కసారి ఆపి, హ్యాండిలుకి గోంగూర కట్ట తగిలించుకుని వెళ్ళండి. నామోషీ అన్న మాట ఆ రోజు నుంచే పలచబడుతుంది. ఇది నా వల్ల కాదు. నేను ఎన్నేళ్ళు తొక్కినా పాపం మాస్టారే.

ఆడపిల్లల సంగతి ఇంకోటి. ప్రభుత్వ బళ్ళలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ఆమధ్య "బడికొస్తా" అని సైకిళ్ళు ఇచ్చారు. మా వీధిలోంచి గుంపులుగా వెళ్తుంటే బెల్లుల మోతకి పండగలా ఉండేది. పదో తరగతి అయ్యాక ఆ సైకిలు మేడమెట్ల కింద చేరిపోతుంది. కాలేజీ దూరమని కాదు. ఆ వయసు పిల్ల సైకిలు మీద వెళ్తుంటే వెనక నుంచి బైకులు కొట్టే హారన్‌కి అమ్మానాన్నలు భయపడతారు. మీ గుంపులో ఆడవాళ్ళు ముగ్గురున్నారు. ఆ ముగ్గురూ వారానికి ఒక సాయంత్రం గాంధీనగర్ పార్కు చుట్టూ ఉన్న వీధుల్లో తొక్కితే చాలు, ఆ మేడమెట్ల కింది సైకిళ్ళలో కొన్నయినా దుమ్ము దులుపుకుంటాయి.

1996 నవంబరు 6 తుఫాను మీలో చిన్నవాళ్ళకి తెలియదు. తెల్లారి లేచి చూస్తే వీధుల్లో చెట్లే చెట్లు, స్తంభాలు అడ్డంగా. కరెంటు లేదు, బంకుల్లో పెట్రోలు పోసే దారి లేదు. నేను సైకిలు భుజాన వేసుకుని చెట్టు దాటడం, దింపి తొక్కడం, మళ్ళీ భుజానికెత్తడం. అలా మా అత్తగారింటికి పాల పొడి, కొవ్వొత్తులు తీసుకెళ్ళాను. రెండు కిలోమీటర్లకి గంటకి పైగా పట్టింది. ఆ నాలుగు రోజులూ ఊరంతా సైకిలు మీదే నడిచింది. ఆరోజుల్లో నన్ను ఎవ్వరూ బండి రిపేరా అని అడగలేదు.

కాబట్టి కాగితం వెనక్కి ఇవ్వడం లేదు, దిద్ది ఇస్తున్నాను. ఉప్పాడ ట్రాక్ మాట కొట్టేశాను, కోపం తెచ్చుకోకండి. దాని బదులు ఊళ్ళో పెద్ద రోడ్ల వెంబడి కానుగ, వేప మొక్కలు నాటి రెండు వేసవులు నీళ్ళు పోయమని రాశాను. రైతు బజార్లు, కలెక్టరేటు, ఆసుపత్రులు, రెండు రైల్వే స్టేషన్ల ముందు సైకిలుకి తాళం వేసుకునే ఇనప కడ్డీలు. కాలువ మూతలు రోడ్డుకి అడ్డంగా తిప్పి వేయడం, దీనికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు. పాత పేటల్లో రెండు వీధులు కారుకి మూసి సైకిలుకి తెరిచి చూడటం, ఆరు నెలలు, నచ్చకపోతే తీసేయొచ్చు. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి ఇరవైలో మన ఊరి పేరు వచ్చినప్పుడు ఎంత సంబరపడ్డామో గుర్తుందిగా. ఈ నాలుగూ అంతకంటే చిన్న కోరికలే.

"నగరంలోని సైక్లిస్టులందరి తరఫున" అన్న మాట మాత్రం అలాగే ఉంచాను. దాని కింద చేపలాయన వేలిముద్ర వేశాడు, సంతకం వచ్చినా సరే వేలిముద్రే వేస్తానన్నాడు, చేతులు తడిగా ఉన్నాయట. కాగితానికి కొంచెం వంజరం వాసన ఉంటే ఏమీ అనుకోవద్దు. పంక్చర్ కొట్టు కుర్రాడు, పాలాయన, పూజారి గారు పెట్టారు. పేపరు కుర్రాడు ఆగడు కాబట్టి వాడిది రేపు వీధి మొగలో పట్టుకోవాలి. నా సంతకం చివర్న ఉంది.

వచ్చే సోమవారం ఆరున్నరకి రైతు బజారు గేటు దగ్గర ఉంటాను. హెల్మెట్‌తో పాటు సంచి కూడా తెచ్చుకోండి. గాలి పంపు నేను తెస్తాను, మీ సన్న టైర్ల వాల్వుకి పడుతుందో లేదో చూద్దాం.

ఇట్లు,
రామారావుపేట నుంచి, ముందు బ్రేకు కీచుమనే నల్ల సైకిలు మాస్టారు